కరెంటు ఉన్నంతసేపే వెతికిన స్ఫటికం

2006 వేసవి. గుంటూరు మిర్చి యార్డుకు ఎండల సెలవులిచ్చిన రోజులు. ఊళ్లో కొనేవాళ్లూ లేరు, అమ్మేవాళ్లూ లేరు. మా కంప్యూటర్ షాపులో నేనూ టేబుల్ ఫ్యానూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. ఫ్యాను నయం, కనీసం అటూ ఇటూ తల తిప్పుతుంది. నాకు ఆ పని కూడా లేదు.

నా చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగింది. ఆగింది అనడం మర్యాద కోసం. లెక్కల మాస్టారూ నేనూ ఇక విడిపోదామని ఇద్దరం ఇష్టపడే ఒప్పుకున్నాం. ఆ తర్వాత మోటార్లు చుట్టాను, టీవీలు బాగుచేశాను, తొంభైల చివర్లో కంప్యూటర్లు దిగాక వాటి పొట్టలు విప్పి మళ్లీ కుట్టడం నేర్చుకున్నాను. ఈ పనిలో నేను చూసినవి చాలా ఉన్నాయి. కీబోర్డులో కాఫీ పోసి, అది తాగలేదని నా మీద కోప్పడ్డ ప్లీడరు గారి కథ అడిగితే ఎప్పుడైనా చెబుతాను. కానీ ఈ వృత్తిలో నీకు మరిచిపోలేని కేసు ఏది అంటే మాత్రం నేను చెప్పేది ఇదొక్కటే. ఇందులో నవ్వు ముందు ఉంటుంది, తర్వాత ఉండదు. ముందే చెబుతున్నాను.

ఆ మిట్టమధ్యాహ్నం గొడుగు ముడుస్తూ ఒకావిడ లోపలికొచ్చారు. ముప్పై దాటిన వయసు, చీరాల నేత చీర, భుజాన పుస్తకాల సంచి. పేరు సలోమి అన్నారు. ఊరి బయట ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారట.

“నాగేశ్వరరావు గారంటే మీరేనా? మూసేసిన ఇంటర్నెట్ సెంటర్ల కంప్యూటర్లు మీరు కొంటారని చెప్పారు.”

“కొంటానండీ, అమ్ముతానండీ, ఎవరూ రాకపోతే వాటితో మాట్లాడతాను కూడా. మీకెన్ని కావాలి?”

“ఎనిమిది. కానీ ఎనిమిదీ కలిసి ఒకటే పని చెయ్యాలి.”

“ఎనిమిది మంది కలిసి ఒక్క పని చెయ్యడం మన జిల్లాలో నేనెక్కడా చూళ్లేదు మేడం.”

ఆవిడ నవ్వారు. నవ్వి, నాకు పని చెప్పారు. ఇలా జతకట్టిన మెషీన్లను క్లస్టర్ అంటారు. ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తే, అన్నీ కలిసి దాన్ని పూర్తి చేస్తాయి.

“ఏం లెక్క మేడం? పిల్లల మార్కులా?”

“స్ఫటికాలది. ఇంతవరకు ఎవరూ తయారుచెయ్యని పదార్థంలో పరమాణువులు ఎలా పేర్చుకుని ఉంటాయో ముందే చెప్పడం.”

“తయారుచెయ్యకుండానే?”

“తయారుచెయ్యకుండానే.”

“అంటే పిల్ల పుట్టకముందే ముక్కు ఎవరిదో చెప్పడం.”

“అంతే. కాకపోతే తప్పు చెబితే మమ్మల్ని తిట్టేది అత్తగారు కాదు, రిఫరీ.” రిఫరీ అంటే పేపరు అచ్చుకెళ్లే ముందు దాన్ని పరీక్షించే పెద్దమనిషి అని కూడా ఆవిడే చెప్పారు.

ఆవిడ పని చేసేది ట్రాన్సిషన్ మెటల్ బోరైడ్ల మీద. ఇనుము, క్రోమియం, మాంగనీసు, టంగ్‌స్టన్ లాంటి లోహాల వరసను ట్రాన్సిషన్ మెటల్స్ అంటారట. వాటిలో బోరాన్ కలిస్తే బోరైడ్. బోరాన్ మనకు కొత్తదేమీ కాదు. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్‌లో ఉన్నది అదే. పత్తి పూత రాలిపోతుంటే మన రైతులు కొట్టేదీ అదే. అంత మెత్తటి పొడిలో ఉన్నది పోయి లోహంతో సరైన వరసలో కూర్చుంటే, కొన్నిసార్లు గాజును గీసేంత గట్టి పదార్థం పుడుతుందట. ఏ వరసలో కూర్చుంటుందన్నదే అసలు ప్రశ్న.

ఆవిడకు ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో కూడా తర్వాత తెలిసింది. వాళ్ల నాన్న పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీలో రాతికి బెజ్జాలు కొట్టే మనిషి. సాయంత్రం ఇంటికొస్తే అన్నం కంటే ముందు అరిగిపోయిన డ్రిల్లు బిట్ సంగతి వచ్చేదట. “నాన్నకి చెప్పాను, నేను కనిపెట్టేది బిట్ అయ్యేసరికి నీ మనవలకి మనవలు పుడతారని. అయినా అప్పుడే వీధిలో అందరికీ చెప్పేశాడు” అన్నారు.

ఆవిడకు తొందర ఉంది. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కి ఇచ్చిన గడువు అయిపోయి, పొడిగింపు నడుస్తోంది. కాలేజీకి కొత్త యాజమాన్యం వచ్చింది. పీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఉంటారు, లేనివాళ్లు పోతారు అని వాళ్లు మొహం మీదే చెప్పారు. అంటే ఆ స్ఫటికం దొరికితే ఉద్యోగం ఉంటుంది, దొరకకపోతే అదీ లేదు.

కాలేజీలో పాత కెమిస్ట్రీ స్టోర్ రూము ఖాళీ చేసి ఇచ్చారు. ఎనిమిది మెషీన్లూ అక్కడ వరసగా పెట్టి వైర్లు లాగాను. చుట్టూ మిరప కల్లాలు. గాలి వీస్తే కాయల ఘాటు కిటికీలోంచి లోపలికి వచ్చేది. కంప్యూటర్ ఫ్యానుకు వివక్ష ఉండదు, ఏ గాలైనా పీలుస్తుంది. నెల తిరిగేసరికి డబ్బాలు విప్పితే లోపలంతా ఎర్రటి పొడి. ముక్కుకి తువ్వాలు కట్టుకుని బ్రష్షుతో దులుపుతూ తుమ్ముతుంటే సలోమి మేడం తలుపు దగ్గర నిలబడి, “మీరు తుమ్మినప్పుడల్లా నా పరమాణువులు ఉలిక్కిపడుతున్నాయండీ” అనేవారు.

లెక్క ఎలా నడుస్తుందో నాకు అర్థమైన మేరకు చెబుతాను. కంప్యూటర్లో ఒక చిన్న పెట్టె ఊహించుకోండి. దాన్ని యూనిట్ సెల్ అంటారు. అదే పెట్టె పక్కపక్కన, పైన, కింద అచ్చుగుద్దినట్టు మళ్లీ మళ్లీ వస్తే అదే స్ఫటికం. ఆ పెట్టెలోకి కొన్ని పరమాణువుల్ని ఎలా పడితే అలా విసురుతారు. పండగ ముందు రోజు పిడుగురాళ్ల బస్సులోకి జనం ఎక్కినట్టు. బస్సు కదిలి నాలుగు గుంతలు దాటేసరికి ఎవరి మోచెయ్యి వాళ్లు లోపలికి తీసుకుని ఎలాగో సర్దుకుంటారు చూడండి, అలా కంప్యూటర్ కూడా వాటిని కొంచెం కొంచెం జరుపుతూ, ఏ ఒక్కటీ ఇంక జరగనక్కర్లేనంతగా సర్దుతుంది. అప్పుడు ఆ సర్దుబాటుకు ఎంత ఎనర్జీ అయిందో చెబుతుంది. ఎంత తక్కువైతే అంత కుదురు. మళ్లీ కొత్తగా విసరడం, మళ్లీ సర్దడం. అలా వేల సార్లు. అన్నిటికంటే కింద తేలినదే అసలు స్ఫటికం అవడానికి అవకాశం.

ఇదంతా కరెంటు ఉంటే. ఉంటే కదా! పగలు రెండు విడతల కోత, మధ్యలో చెప్పకుండా వచ్చే కోతలు వేరే. మెషీన్లకు యూపీఎస్ ఉంది. యూపీఎస్ అంటే కరెంటు పోయాక కంప్యూటర్ మర్యాదగా ప్రాణం విడవడానికి ఇచ్చే కాస్త వ్యవధి. కాలేజీకి జనరేటర్ ఉంది గాని దాని సేవ ప్రిన్సిపాల్ గారి గదికే. ఆగిన లెక్కను ఆగిన చోటి నుంచి అందుకోవచ్చని పుస్తకంలో ఉంటుంది. మా దగ్గర మాత్రం ఫైలు రాస్తుండగానే కరెంటు పోయి, ఆ ఫైలు సగంలో తెగి, ఎందుకూ పనికిరాకుండా పోయేది. వారం రోజుల పని అలా రెండుసార్లు పోయాక సలోమి మేడం ఒక పద్ధతి పెట్టారు. కరెంటు కోతల టైమ్ టేబుల్ కాగితం గోడకు అంటించి, ఏ లెక్కయినా ఒక కోత నుంచి మరో కోత లోపల ముగిసిపోవాలి అన్నారు.

అలా ముగియాలంటే పెట్టె చిన్నదిగా ఉండాలి. పెట్టెలో పరమాణువులు రెట్టింపైతే టైము రెట్టింపు కాదు, ఎనిమిదింతలు అవుతుందట. కాబట్టి కోతకీ కోతకీ మధ్య పట్టేంత పెట్టెలే పెట్టారు. “మన స్ఫటికాలు కూడా కరెంటోళ్ల టైముకే పుడుతున్నాయి మేడం” అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వారు. ఆ జోకు నాకూ బాగా నచ్చింది, షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పాను.

ఏడాది దాటాక, చినుకులు మొదలైన రోజుల్లో, కాలేజీ నుంచి ఫోను. మెషీను పోయిందేమో అనుకుని బ్రష్షుతో సహా పరిగెత్తాను. తెర మీద రంగురంగుల గోళీలు, నీలం లోహానికి, ఆకుపచ్చ బోరాన్‌కి.

“ఇదేనండీ. ఒక లోహానికి నాలుగు బోరాన్లు. ఇంతవరకు తెలిసిన వరసలన్నిటికంటే కింద ఉంది. మళ్లీ మళ్లీ వేశాను, కిందే ఉంది.”

“పేరేం పెడతారు?”

“పేరుండదు. నంబరుంటుంది.”

“ఖైదీకిచ్చినట్టా?”

“ఏమన్నా అనండి. ఇవాళ మీరేమన్నా నాకు కోపం రాదు.”

గైడు గారి పేరూ ఆవిడ పేరూ కలిపి ఒక చిన్న పత్రికలో పేపరు అచ్చయింది. గైడు అంటే పీహెచ్‌డీకి దారి చూపించే ప్రొఫెసరు, థీసిస్ కింద ఆయన సంతకం పడితేనే అది ముందుకు కదులుతుంది. వాళ్ల నాన్న ఆ పేపరు జిరాక్సు జేబులో పెట్టుకుని క్వారీలో, టీ కొట్టులో, చర్చి మెట్ల మీద చూపించాడట. ఇంగ్లీషు ముక్క రాని మనిషి. మేడం పేరున్న చోట వేలు పెట్టి చూపించేవాడట.

2008లో, థీసిస్ టైపింగు సగంలో ఉండగా, ఆవిడ షాపుకొచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“బయటి దేశం వాళ్లు అదే పదార్థం మీద లెక్క వేశారండీ. వాళ్ల వరస మనదానికంటే కిందుందంటున్నారు.”

“వాళ్లు మాత్రం తప్పు చెయ్యకూడదా మేడం? తెల్లగా ఉన్నంత మాత్రాన లెక్కలొస్తాయా?”

“తప్పు చేసుండొచ్చు. ఆ వరస ఏంటో వాళ్లు అచ్చువేశారు. అదే మన మెషీన్లో పెట్టి వేసి చూస్తే తేలిపోతుంది. కానీ వాళ్ల పెట్టె మనదానికి రెట్టింపుంది. మధ్యలో ఆగకుండా రోజుల తరబడి నడవాలి.”

ఆగకుండా కరెంటు ఉండే చోటు మా ఊళ్లో ఒకటే, మిర్చి కోల్డ్ స్టోరేజి. అక్కడ చల్లదనమిచ్చే అమోనియా కంప్రెసర్లు ఆగితే లోపల నెట్టు కట్టిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలన్నీ పాడవుతాయి. మనుషులకు లేని జనరేటర్లు మిరపకాయలకు రెండుంటాయి. అలాంటి ఒక కోల్డ్ స్టోరేజిలో కాటా బిల్లుల కంప్యూటర్ చూసేది నేనే. మేనేజరు కోటయ్య గారు పెద్ద గొంతు, అంతకంటే పెద్ద మనసు. మెషీన్లు టిక్కీలు లాగే తోపుడు బండి మీద ఎక్కించి ఆయన ఆఫీసు గది మూలకు చేర్చాను.

“ఏరా నాగేశ్వరరావూ, ఏం ఉడుకుతోందిరా ఆ డబ్బాల్లో?”

“పరమాణువులండీ.”

“కారం సరిపోయిందా?”

“మీ గదిలో పెట్టాక వేరే వెయ్యాలా బాబాయ్?”

ఆయన మేడం వైపు తిరిగి, “కూర్చోమ్మా, కూర్చో. మా జనరేటర్ నీ లెక్క అయిందాకా ఆగదు. ఆగితే నా ఉద్యోగమే ఉండదు” అన్నారు. ఆవిడ రోజూ కాలేజీ అయ్యాక వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. పరీక్ష పేపర్లు దిద్దేవారు. దిద్దుతూ దిద్దుతూ తెర వైపు చూసేవారు. ముందు వాళ్ల వరస నడిచింది. ఆ తర్వాత మన వరసను కూడా అంతే పెట్టెలో పెట్టి నడిపించారు, ఇద్దరికీ ఒకే కొలత ఉండాలని.

ఆదివారం చర్చి అవగానే నేరుగా అక్కడికే వచ్చారు. రెండు లెక్కలూ ముగిసి ఉన్నాయి. నేను ఎయిర్ బ్లోయరుతో ఏదో దులుపుతున్నాను. ఆవిడ రెండు అంకెల వంక చూశారు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశారు.

“ఎవరిది కిందుంది మేడం?”

“వాళ్లది.”

“ఎంత తేడా?”

“ఎంతైనా ఒకటేనండీ. కింద ఉన్నదే నిలుస్తుంది.”

బ్లోయరు ఆపి, “మన మెషీన్లు తుమ్మాయేమో, ఇంకోసారి వేద్దామా” అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, చీర చెంగు ముందుకు తీసి మోకాలి మీద పరిచారు.

“ఇదిగో ఈ బుటాలు చూడండి. ఎడం అంతా సమానంగా ఉంది కదా. మగ్గం మీద పువ్వులు ఎత్తే జకార్డుకి ఒక్క బుటాకి సరిపడా బెజ్జాల అట్టలు కట్టి నేస్తే ఇలాగే వస్తుంది. రెండు బుటాలు దగ్గరగా, తర్వాత ఎడం, మళ్లీ రెండు దగ్గరగా రావాలంటే అట్టలు రెట్టింపు కట్టాలి. వాళ్ల దాంట్లో లోహపు పరమాణువులు అలా జంటలు జంటలుగా ఉన్నాయి. మన పెట్టెలో ఒక్క బుటాకే చోటు. మనం ఇంకో పదేళ్లు విసిరినా జంటలు రావు. రావడానికి చోటు లేదు.”

“పెట్టె ఎందుకు చిన్నది పెట్టాం మేడం?” అని అడగబోయి ఆగిపోయాను. ఎందుకో నాకు తెలుసు. దాని మీద జోకు కూడా వేశాను.

అప్పుడే కోటయ్య గారు గదిలోకి వచ్చారు. “ఏమ్మా, అయిందా నీ లెక్క? బాగా వచ్చిందా?”

“కరెక్టుగా వచ్చిందండీ” అన్నారు మేడం.

ఆ తర్వాత జరిగినవి ఒక్కొక్కటీ నాకు ఆవిడ నోటనే తెలిశాయి. గైడు గారి దగ్గరికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మన వరస అసలుది కాదని, ఎందుకు కాదో చూపించే ఒక చాప్టర్ కలిపి థీసిస్ ఇస్తానన్నారు. ఆయన ఒప్పుకోలేదు. “అచ్చయినదాన్ని మనమే తప్పని రాసుకుంటామా? ఆ చాప్టర్ లేకుండా తీసుకురా, సంతకం పెడతాను” అన్నాడట.

నేను కూడా ఆయన పక్కే మాట్లాడాను. “తీసెయ్యండి మేడం. ఆ థీసిస్ ఎవరు చదువుతారు? అలమారలో పడుంటుంది, మీ ఉద్యోగం ఉంటుంది.”

“ప్రాక్టికల్స్‌లో రాని రీడింగు రాయొద్దని పిల్లలకి నేను రోజూ చెబుతాను నాగేశ్వరరావు గారూ.”

“వాళ్లు రాస్తారు మేడం. నేను కాలేజీలో చదవకపోయినా ఆ సంగతి నాకు తెలుసు.”

“నాకూ తెలుసు. అందుకే రోజూ చెప్పాల్సొస్తుంది.”

ఇంకొక్క దారి మిగిలింది. పెద్ద పెట్టెలతో వెతుకులాట మొత్తం మొదటి నుంచి చెయ్యడం. బయటి వాళ్లు చూడని ఇంకో వరస ఏదైనా దొరికితే గైడు గారు కూడా కాదనలేరు. కాలేజీ జనరేటర్ అడిగారు. డీజిల్ పరమాణువుల కోసం కాదన్నారు. కోటయ్య గారిని అడగడానికి నేనూ వెంట వెళ్లాను. ఆయన మొహం చిన్నది చేసుకున్నారు. “అమ్మా, కొత్త కాయ దిగుతోంది. షావుకార్లు నిలబడ్డానికే ఇక్కడ చోటు లేదు. సీజను అయ్యాక రా తల్లీ, ఎన్నాళ్లయినా పెట్టుకో.” ఆయన మాటలో అబద్ధం లేదు. కానీ సీజను అయ్యేలోపే రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. మెషీన్లు మళ్లీ స్టోర్ రూముకే వెళ్లాయి. పెద్ద పెట్టె పెడితే కరెంటు పోయేది, చిన్న పెట్టె పెట్టి లాభం లేదు. కొన్నాళ్లు ఆవిడ పెద్ద పెట్టెలే పెట్టారు. లెక్క మొదలవడం, సగంలో తెగడం, మళ్లీ మొదటికి రావడం. నేను వెళ్లినప్పుడల్లా అదే దృశ్యం. ఏమైనా జోకు వేద్దామని నోరు తెరిచి, బ్రష్షు తీసుకుని దుమ్ము దులిపి వచ్చేసేవాణ్ని.

గడువు దాటిపోయింది. ఆ విద్యాసంవత్సరం చివర్లో కాలేజీ వాళ్లు ఆవిణ్ని ఇక రావద్దన్నారు.

మెషీన్లు విప్పడానికి వెళ్లిన రోజు, “నాన్నగారికి చెప్పారా?” అని అడిగాను.

“ఉద్యోగం పోయిందని చెప్పాను. ఆ పేపరు తప్పని చెప్పలేదు. ఊరంతా తిరిగి చూపించాడు కదండీ. ఇప్పుడు మళ్లీ ఊరంతా తిరిగి కాదని చెప్పమననా?”

నేను స్క్రూలు విప్పుతూ ఉండిపోయాను. ఆ మెషీన్లు తలా ఒక దిక్కు పోయాయి. ఒకటి పొగాకు వ్యాపారి బిల్లులకు, ఒకటి జాతకాల సెంటరుకు. జాతకాలకు బాగా పనికొచ్చిందట, ఎప్పుడూ తప్పు చెప్పలేదట.

రెండేళ్ల తర్వాత ఒక స్కూల్లో కంప్యూటర్లు బిగించే పని మీద సింగరాయకొండ వెళ్లాను. స్టాఫ్ రూములో సలోమి మేడం ఉన్నారు. ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతున్నారట. టీ తెప్పించారు. నా షాపు గురించి, మా పిల్లల గురించి అడిగారు. లేచి వస్తుంటే, “గుంటూరులో ఇప్పుడు కోతలు తగ్గాయటగా?” అన్నారు.

“తగ్గాయి మేడం.”

“మంచిదేగా” అన్నారు. బెల్లు మోగింది. చాక్‌పీసులు తీసుకుని క్లాసుకి వెళ్లిపోయారు.

నా పనిలో ఈ కేసు మార్చింది ఒక్కటే. పూర్వం ఎవరైనా షాపుకొచ్చి ఈ మెషీను సరిపోతుందా అంటే, “బ్రహ్మాండంగా” అని డబ్బా ప్యాక్ చేసేవాణ్ని. ఇప్పుడు దేనికి సరిపోవాలని అడుగుతాను. అది చెయ్యలేనిదేంటో ముందు చెప్పి, తర్వాతే చేసేది చెబుతాను. మెషీను ఎప్పుడూ ఏదో ఒక జవాబిస్తుంది. దాన్ని ఎంత ఇరుకులో కూర్చోబెట్టి అడిగామో అది చెప్పదు. అది మనిషే గుర్తుపెట్టుకోవాలి. ఇలా చెప్పడం మొదలెట్టాక బేరాలు కొన్ని పోయాయి, ఫరవాలేదు.

నేను నేర్చుకున్నది ఇది. ఇది నాకు నేర్పడానికి ఆవిడకు ఏమేం పోయాయో మాత్రం నేను ఎవరికీ నవ్వుతూ చెప్పలేను. ప్రయత్నించాను, రాలేదు.